దగ్గరలో వెతకక్కర్లేదు

“ఎందుకు వెళ్ళిపోయావమ్మా?” అని లెక్కలమ్మ ఆ ఇంటి కోడలిని అడిగింది. జవాబు అత్తగారు చెప్పింది.

“ఏముందమ్మా, బుద్ధి గడ్డి తింది. ఇంట్లో ఏం తక్కువని? వేళకి తిండి, ఒంటికి బట్ట, పల్లెత్తు మాట అనని మొగుడు. సుఖం ఎక్కువై వెళ్ళింది, అంతే.”

కోడలు తలుపు చెక్కకు ఆనుకుని నిలబడి, పెచ్చులూడుతున్న రంగును బొటనవేలి గోటితో గీకుతోంది. పాతికేళ్ళు దాటి ఉండవు. గది మూలన కుట్టుమిషను ఉంది. దాని మీద దుప్పటి కప్పి, దుప్పటి మీద మూటలు పేర్చారు. దాని మీద ఎవరూ కుట్టి చాలా కాలమైనట్టుంది.

“అమ్మాయిని చెప్పనివ్వండి,” అంది లెక్కలమ్మ.

“చెప్పవే, అడుగుతున్నారుగా!”

“బుద్ధి గడ్డి తిని వెళ్ళానండి,” అంది కోడలు, రంగు పెచ్చు వంకే చూస్తూ.

ఆ వారంలో ఆ మాట వినడం లెక్కలమ్మకు ఇది అయిదో ఇంట్లోనో ఆరో ఇంట్లోనో. తప్పిపోయినవాళ్ళ లెక్కలు చూసే ఆఫీసులో ఆమె ఉద్యోగం. ఎవరు తప్పిపోతున్నారు, ఎందుకు పోతున్నారు, ఎక్కడ దొరుకుతున్నారు అని పట్టికలు వేస్తుంది. ఆ పట్టికలు చూసి పోలీసులు ఎక్కడ వెతకాలో నిర్ణయించుకుంటారు. ఆఫీసులో ఆమెను అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. కొత్తగా చేరినవాళ్ళు కూడా రెండో రోజుకే ‘లెక్కలమ్మగారూ’ అనేస్తారు.

ఎన్నో ఏళ్ళుగా ఆమె ‘ఎందుకు’ అన్న గడిలో ఉన్నది ఉన్నట్టు లెక్కవేస్తూ వచ్చింది. కుటుంబ కలహం ఇంతమంది, చదువు భయం ఇంతమంది, కారణం తెలియదు ఇంతమంది. ఆ గడి నింపేది ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చినవాళ్ళని ఆమెకు తెలియక కాదు. పోయినవాడి కారణం ఉన్నవాడు చెబుతున్నాడు. తగవులో ఒక పక్క మాటే విని తీర్పు రాసినట్టు. అయితే ఇన్నాళ్ళూ అది ఆమెను నిద్రపోనివ్వనంత పెద్ద విషయంగా తోచలేదు. ఈ ఏడాది మాత్రం, దొరికి ఇల్లు చేరినవాళ్ళు మళ్ళీ మళ్ళీ తప్పిపోతున్నారని గమనించింది. అందుకే పైవాళ్ళను బతిమాలి అనుమతి తెచ్చుకుని, తిరిగొచ్చినవాళ్ళనే అడుగుదామని ఇల్లిల్లూ తిరుగుతోంది. తిరిగితే తేలిందేమంటే, తిరిగొచ్చినవాళ్ళ నోట్లో కూడా ఇంటివాళ్ళ మాటే ఉంది.

భర్త మంచినీళ్ళు తెచ్చి ఇచ్చాడు. ప్లంబరు. గోళ్ళ సందుల్లో మట్టి లేకుండా శుభ్రంగా కడుక్కున్న చేతులు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“మా ఆవిడ కొంచెం మెతక మేడం. ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది. మీరంతా కష్టపడి వెతికిపెట్టారు, మీ రుణం తీర్చుకోలేను,” అన్నాడు. నిజంగానే కళ్ళు తడి అయ్యాయి.

లెక్కలమ్మ కాగితాలు సర్దుకుని లేచింది. కోడలు గేటు దాకా వచ్చింది. గడియ తీస్తూ, ఇంటివైపు వీపు పెట్టి, పెదవులు కదిలీ కదలనట్టు అంది: “మీ కోటు చెయ్యి పొడుగైందండి. మార్కెట్టు వెనక మెట్ల కింద టైలరు దుకాణముంది. పొద్దున పూట నేనక్కడ ఉంటాను.”

లెక్కలమ్మ తన చెయ్యి చూసుకుంది. కోటు చెయ్యి మణికట్టు దాటి వేళ్ళ మీదికి వచ్చిన మాట నిజమే. ఏళ్ళ తరబడి అలాగే తొడుక్కుంటోంది.

*

మెట్ల కింద దుకాణం అంటే నిజంగా మెట్ల కిందే. రెండు మిషన్లు, ఇస్త్రీ బల్ల, గోడకు కొక్కేల మీద సగం కుట్టిన బట్టలు. లోపలికి పోవాలంటే తల వంచాలి. వంచని వాళ్ళందరి తలలూ తగిలి పైన సున్నం నున్నగా అయిపోయింది.

ముసలి టైలరు కళ్ళజోడు మీదుగా ఆమెను పరకాయించి చూశాడు. “పిట్టా, నీకోసమేనా?” అన్నాడు రెండో మిషను ముందున్న కోడలితో.

“కోటు చేతులు పొట్టి చేయాలంట బాబాయ్.”

“పిట్ట అనే పిలుస్తానమ్మా దీన్ని. అలికిడి లేకుండా వస్తుంది, అలికిడి లేకుండా పోతుంది,” అని లేచి చెప్పులు వెతుక్కున్నాడు. “నేను టీ తాగొస్తా. తాగనని డాక్టరుకు మాటిచ్చాను. అందుకని వాడికి కనబడకుండా కాస్త దూరం పోయి తాగాలి. ఆలస్యమవుద్ది.”

అతను వెళ్ళాక పిట్ట కోటు తిరగేసి ఒళ్ళో వేసుకుంది. బ్లేడు ముక్కతో చేతి అంచు కుట్టు విప్పసాగింది. ఒక్కో కుట్టునూ తెంపి, దారాన్ని వేలితో లాగి, చిన్న ఉండలా చుట్టి పక్కన పెడుతోంది. నిన్న తలుపు రంగు గీకిన వేలేనా ఇది అనిపించింది లెక్కలమ్మకు.

“కాగితం తియ్యకండి,” అంది పిట్ట. “చెబుతాను, రాసుకోకండి.”

“సరే.”

“కొట్టడండి. కొడితే కనబడుద్ది కదా. బకెట్టు. నిండా నీళ్ళు పట్టి తల అందులో పెట్టి పట్టుకుంటాడు. ముందు దేనికని అడిగేదాన్ని. కూరలో ఉప్పని, ఎదురింటాయన చూశాడని, ఒకసారి ఏమీ లేదనే చెప్పాడు. తర్వాత అడగడం మానేశా. మీకులాగే నేనూ లెక్కలు పెట్టుకునేదాన్ని. ఒకటి, రెండు, మూడు... ఎంతదాకా పోతే వదులుతాడో తెలుసుకుంటే కాస్త ధైర్యంగా ఉంటుందని. ఆ అంకె పెరుగుతూ వచ్చింది. అది పెరుగుతుందని తెలిశాక వెళ్ళిపోయా.”

పిట్ట ఇంకో కుట్టు తెంపింది.

“దీన్ని మీ కాగితంలో ఏమంటారండి?”

“కుటుంబ కలహం,” అంది లెక్కలమ్మ, ఇంకో మాట దొరక్క.

పిట్ట ముక్కుతో చిన్నగా నవ్వింది. “కలహమంటే ఇద్దరుండాలి కదండీ.”

“దొరికినప్పుడు పోలీసులకు చెప్పలేదా?”

“చెప్పకేం. ‘కాపురమన్నాక సవాలక్ష ఉంటాయి’ అని జీపెక్కించారు. మా అమ్మకీ చెప్పా. ‘సర్దుకుపోవే, ఆడదాని గుట్టు అడుగున ఉండాలి’ అంది. తనే చెయ్యి పట్టుకుని తెచ్చి గుమ్మంలో దింపి పోయింది.” టేపు తీసి లెక్కలమ్మ చేతి పొడవు కొలిచింది. సుద్దముక్కతో గీత గీసింది. “ఒక్కటి మాత్రం అర్థం కాదండి. నేనెక్కడికి పోతానో ఎవరికీ చెప్పలేదు. రైల్లో పక్కనావిడ అడిగితే అబద్ధం చెప్పా. ఆ రేవు ఊళ్ళో నన్నెలా పట్టుకున్నారు?”

లెక్కలమ్మ సుద్దగీత వంక చూసింది. చెప్పకపోయినా గడిచిపోయేది. అడిగింది నిజమైన ప్రశ్న. దానికి సరైన జవాబు చెప్పగలిగింది తనొక్కతే.

“నేనే,” అంది. “కుట్టుపని తెలిసిన ఆడవాళ్ళు ఇల్లు వదిలితే సగానికి పైగా ఆ ఊరే వెళ్తారు. అక్కడ బట్టల ఫ్యాక్టరీలున్నాయి. స్టేషను దగ్గర ఆడవాళ్ళ హాస్టళ్ళలో దిగుతారు. అక్కడ వెతకమని నేనే రాసిచ్చాను.”

పిట్ట చేతిలో సుద్దముక్క ఆగింది. తిడుతుందనుకుంది లెక్కలమ్మ. తిట్టినా బాగుండుననుకుంది. పిట్ట మాత్రం దారం నాలికతో తడిపి, సూదిలోకి ఎక్కించి, మడత కుట్టడం మొదలుపెట్టింది.

“అయితే నాలాంటోళ్ళు చాలామందే ఉన్నారన్నమాట,” అంది చివరికి.

“ఉన్నారు.”

“అక్కడ బాగుండేదండి. హాస్టల్లో పక్క మంచం పిల్ల గురక పెట్టేది. ఆ గురక వింటూ హాయిగా నిద్రపోయేదాన్ని.”

“కేసు పెడదాం పిట్టా. నువ్వు చెప్పింది నేను సాక్ష్యం చెబుతాను.”

“పొద్దున కేసు పెట్టి సాయంత్రం ఏ ఇంటికి పోనండి?” మడత సరిచేసి చూసుకుంది. “ఒక్క మాట చెప్పండి. ఈసారి ఎటు వెళ్తే మీ లెక్కకి దొరకను?”

ఆ ప్రశ్న లెక్కలమ్మను ఇంతవరకూ ఎవరూ అడగలేదు. అయినా జవాబు నాలిక చివరే ఉంది. దొరకనివాళ్ళ పట్టిక ఆమె కళ్ళ ముందు ఎప్పుడూ ఉంటుంది.

“చేతిలో ఉన్న పనే మనిషిని పట్టిస్తుంది. పని మార్చుకున్నవాళ్ళు దొరకరు. కుట్టు మానెయ్యి. కొండ ఊళ్ళలో ముసలివాళ్ళను చూసుకునే పని దొరుకుతుంది. ఇళ్ళల్లోనే ఉంచుకుంటారు.”

“కుట్టు మానేస్తే ఇంకేం మిగులుతానండి నేను?” అంది పిట్ట. తర్వాత తనే, “పోనీలే. ప్రాణముంటే బలుసాకు తినొచ్చంటారుగా,” అంది.

టైలరు బయట పెద్దగా దగ్గుతూ వచ్చాడు. పిట్ట కోటు ఇస్త్రీ చేసి తొడిగింది. చేతులు సరిగ్గా మణికట్టు దగ్గర ఆగాయి.

*

“కోటు ఎవరిదే?” అంది ఇంట్లో లెక్కలమ్మ అత్తగారు.

“నాదే అత్తయ్యా.”

“చేతులున్నాయే ఇవాళ!”

లెక్కలమ్మ భర్త గూడ్సు రైళ్ళ గార్డు. ఇంట్లో ఉన్న రోజులకన్నా లేని రోజులే ఎక్కువ. అత్తాకోడళ్ళిద్దరే ఉంటారు. ఆవిడకు చెవుడు, ఈవిడకు మౌనం, అందుకని పోట్లాటలుండవని ఆవిడే అందరికీ చెబుతుంటుంది. ఆ పూట కూరగాయలు తరుగుతూ కోడలు బకెట్టు సంగతి చెబితే ముసలావిడ ఒక్క ముక్క వదలకుండా విన్నది. ఇలాంటివి మాత్రం ఆవిడకు బాగా వినబడతాయి.

“ఆ పిల్లని ఇక్కడికి తీసుకురారాదుటే?” అంది.

“ఇక్కడికా? ఆఫీసు మనిషిని నేను. రేపు నా మీదే కేసు పెడతారు.”

“పెట్టనీ. జైల్లో మనిద్దరికీ ఒకే గది ఇమ్మను.”

లెక్కలమ్మ నవ్వింది గానీ, ఆ మాటను తేలిగ్గా తీసి పక్కన పెట్టేసింది.

ఆ వారం చివర్లో ఇన్‌స్పెక్టరు ఫోను చేశాడు. “మీ ప్లంబరు పెళ్ళాం మళ్ళీ ఎగిరిపోయిందండి. ఒకసారి రాగలరా?”

ఫోను పెట్టేశాక లెక్కలమ్మకు నవ్వొచ్చింది. చుట్టూ చూసి, ఎవరూ గమనించలేదని నిశ్చయించుకుని, మంచినీళ్ళు తాగింది. ‘వెళ్ళిపోయావన్నమాట! మంచి పని చేశావు తల్లీ’ అనుకుంది. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఒక మనిషి తప్పిపోయిందని వింటే ఆనందం కలగడం ఇదే మొదటిసారి.

స్టేషనులో ప్లంబరు బల్ల మీద మోకాళ్ళ మధ్య చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. పెళ్ళాం పోయి మూడు రోజులైందట. తనే వచ్చేస్తుందేమోనని చూశాడట. మళ్ళీ పదిమంది నోళ్ళలో పడడం ఇష్టంలేక చెప్పలేదట.

ఇన్‌స్పెక్టరు గోడ మీది మ్యాపు దగ్గర నిలబడి ఉన్నాడు. నిద్రలేని మొహం. వారంలో రెండు ఊరేగింపులకు బందోబస్తు చూసిన మనిషి. “చెప్పండి లెక్కలమ్మగారూ. పోయినసారి మీరన్న హాస్టల్లోనే దొరికింది. ఈసారీ అక్కడికేనా?”

“అక్కడికే ఎక్కువగా వెళ్తారు. రేవు ఊరికి మనుషుల్ని పంపండి,” అంది. అబద్ధం కాదు. పట్టిక అదే చెబుతుంది. పిట్ట అటు పోదని ఆమెకు తెలుసు. పోలీసులు ఆ ఊళ్ళో హాస్టళ్ళన్నీ గాలించేసరికి పిట్ట కొండ ఊళ్ళో ఎవరింట్లోనో కుదురుకుంటుంది.

“సరే. ఇక్కడ చుట్టుపక్కల కూడా ఒకసారి చూపించమంటారా? చెరువు, కాలవ, పాడుబడ్డ కొట్టాలు... పోలీసు కుక్కను తెప్పించాలంటే ఇవాళే రాయాలి.”

చుట్టుపక్కల వెతికితే పొరుగువాళ్ళను అడుగుతారు. బస్టాండులో అడుగుతారు. కొండ ఊళ్ళ బస్సు ఎక్కడం ఎవరో ఒకరు చూసి ఉంటారు. లెక్కలమ్మ ఆలోచన అంతవరకే పోయింది.

“దగ్గరలో వెతకక్కర్లేదు,” అంది. “వెళ్ళాలనే వెళ్ళింది.”

“అదే మేడం, నేనూ అదే అంటున్నా,” అన్నాడు ప్లంబరు వెనకనుంచి.

ఇన్‌స్పెక్టరు హాయిగా ఊపిరి వదిలి కాగితం మీద రాసుకున్నాడు.

*

రెండు రోజులపాటు లెక్కలమ్మ మనసు తేలిగ్గా ఉంది. అత్తగారు ‘ఏమే, కూనిరాగాలు తీస్తున్నావ్, మావాడు వస్తున్నాడా ఏం?’ అని ఏడిపించింది. ఆఫీసులో ఆమె తిరిగొచ్చి మళ్ళీ పోయినవాళ్ళ పట్టికకు కూర్చుంది. ఇంటింటికీ తిరిగి పట్టుకొచ్చిన మాటలు పనికిరావని తేలిపోయింది. అందుకని పాత ఫిర్యాదులనే ఇంకోలా విడగొట్టి చూద్దామనుకుంది.

మొదటిసారి పోయిన పెళ్ళైన ఆడవాళ్ళు ఒక కుప్ప, తిరిగొచ్చిన ఏడాదిలోపు అదే ఇంటినుంచి రెండోసారి పోయినవాళ్ళు ఇంకో కుప్ప. రెండో కుప్పలోనూ చాలామంది పేర్ల ఎదుట ‘దొరికారు’ అనే ఉంది. అదీ ఎక్కువే, మొదటి కుప్పకన్నా ఎక్కువ. అది చూసి ఆమె ముందు ఆశ్చర్యపోయింది. తర్వాత దొరికిన దూరం చూసింది. మొదటి కుప్పలో వందల మైళ్ళున్నచోట రెండో కుప్పలో అంకెలు చిన్నవి. ఇంటికి మైలు, అరమైలు. కొన్నిచోట్ల సున్నా.

సున్నా ఏమిటి? తప్పుగా ఎక్కించారేమోనని ఒక్కో ఫైలూ తెప్పించి తీసింది. తప్పు లేదు. ‘దొరికారు’ అన్న గడిలో ప్రాణంతో దొరికినవాళ్ళూ శవాలై దొరికినవాళ్ళూ కలిసే ఉన్నారు. ఆఫీసు మొదలైననాటినుంచీ అలాగే ఉంది. మనిషి జాడ తెలిస్తే ఫైలు మూసేయడమే కదా వాళ్ళకు కావలసింది. రెండింటినీ వేరుచెయ్యమని ఎవరూ అడగలేదు. ఆమె కూడా చెయ్యలేదు.

ఇప్పుడు వేరుచేసింది. దూరంగా దొరికినవాళ్ళు ప్రాణంతో ఉన్నారు. దగ్గరలో దొరికినవాళ్ళు దాదాపు అందరూ శవాలే. దగ్గరలో దొరికినవాళ్ళ ఫిర్యాదులు, ఒకటీ అరా తప్ప, ఆలస్యంగా వచ్చినవే. మొదటిసారి పెళ్ళాం పోయిన పూటే స్టేషనుకు పరుగెత్తుకొచ్చిన మొగుడు రెండోసారి నింపాదిగా వచ్చాడు.

ఆమె ఫైళ్ళు మూసింది. ఫోను ఎత్తబోయి, ఆగి, సంచీ తీసుకుని మార్కెట్టు వెనక్కి నడిచింది. నడక కాదు, ఇంచుమించు పరుగే.

టైలరు రెండో మిషను మీద గుడ్డ కప్పి ఉంచాడు. ఆమెను చూసి కళ్ళజోడు తీశాడు.

“చివరిసారి ఎప్పుడొచ్చింది?” అంది లెక్కలమ్మ.

“మీరొచ్చిపోయాక రెండు రోజులు వచ్చిందమ్మా. ఆ రెండో రోజు పొద్దున మొగుడొచ్చాడు. ఎవరో ఆఫీసావిడ వచ్చిందట కదా, ఏం మాట్లాడిందని అడిగాడు. కోటు కుట్టించుకుపోయిందని చెప్పా. ‘కోటేనా?’ అని నవ్వాడు. దాన్ని చెయ్యి పట్టుకుని తీసుకుపోయాడు. చొక్కా కాజాలు సగంలో ఉన్నయ్యి, అవి అయ్యాక పోతానన్నా వినలేదు.”

“ఎవరికైనా చెప్పారా ఇది?”

“ఎవరడిగారమ్మా?” అన్నాడు ముసలాయన.

ఇన్‌స్పెక్టరు భోజనానికి లేస్తున్నాడు. లెక్కలమ్మ తలుపు దగ్గరే నిలబడి చెప్పింది. “దగ్గరలో వెతికించండి. ఇప్పుడే. నేను తప్పు చెప్పాను.”

“తప్పేముందండీ, మీ లెక్కే కదా చెప్పింది...”

“లెక్క చెప్పలేదు. నేను చెప్పాను. ఆ అమ్మాయి పారిపోయిందనుకున్నా. దొరక్కూడదనుకున్నా. అందుకని వెతకొద్దన్నా.”

అతను ఆమె మొహంలోకి చూశాడు.  టోపీ తీసుకున్నాడు.

ప్లంబరు ఇంటి వెనక కడుతూ కడుతూ ఆపేసిన రెండంతస్తుల భవనం ఉంది. దాని నీళ్ళ సంపు మీద సిమెంటు మూత. కుక్క దాకా పోనవసరం రాలేదు. ఆ మూత మీద మాత్రమే దుమ్ము లేదు. కిందికి దిగడానికి నిచ్చెన కావాలంటే ప్లంబరే తన ఇంట్లోంచి నిచ్చెన తెచ్చి ఇచ్చాడు. జారకుండా కింద ఇటుక కూడా పెట్టాడు. పిట్ట అత్తగారు గోడ దగ్గర నిలబడి, ‘అయ్యో, మళ్ళీ పారిపోబోయి చీకట్లో పడిపోయిందేమో’ అని అప్పుడే చెప్పడం మొదలుపెట్టింది. ఆ ఇంటి వంటగది కిటికీ సంపు మీదికే తెరుచుకుని ఉంది. సంపులోంచి కేక వేస్తే ఇంట్లో వినబడుతుంది.

పిట్టను పైకి తీస్తుంటే లెక్కలమ్మ అటు తిరిగి నిలబడలేదు. చూసింది.

*

ఆసుపత్రి వెనక గది బయట వరండాలో డాక్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. ఇన్‌స్పెక్టరుతో నాలుగు మాటలు చెప్పాడు. మణికట్ల మీద కట్టిన గుర్తులున్నాయి. కొన్నాళ్ళు ఎక్కడో కట్టి ఉంచారు. తర్వాత నీళ్ళు.

“ఎప్పుడు?” అంది లెక్కలమ్మ.

“ప్రాణం పోయిందా? మూడు రోజులు కావచ్చు.”

“కచ్చితంగా?”

“అంత కచ్చితంగా చెప్పలేమమ్మా. నీళ్ళలో ఉన్న శరీరం. ఒకటి రెండు రోజులు అటూ ఇటూ.”

తను స్టేషనులో మ్యాపు ముందు నిలబడి రెండు రోజులు. డాక్టరు చెప్పిన మూడుకు ఒక రోజు ఇటు. ఇలాంటి అంకెలతో ఆమె జీవితమంతా గడిపింది. అటూ ఇటూ ఎంతో రాయకుండా ఏ అంకెనూ బయటికి పంపదని ఆమెకు పేరు. ఆ అటూ ఇటూలో ఒక మనిషి చేతులు కట్టి ఉండి, ఎవరైనా మూత తీస్తారేమోనని చూస్తూ ఉండవచ్చునని, లోపల అంకెలు లెక్కపెట్టుకుంటూ ఉండవచ్చునని ఇన్నాళ్ళూ తోచలేదు. ఆమె ఇంకో డాక్టరును అడగవచ్చు. పుస్తకాలు తిరగేయవచ్చు. ఎంత తిరగేసినా ఆ ఒక్క రోజు ఆమెకు దొరకదు. అటు అయితే ఆమె మాటకు ముందే అయిపోయింది. ఇటు అయితే కాలేదు.

“మీరు వెళ్ళండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు. గొంతు మెత్తగానే ఉంది. “మొగుణ్ణి స్టేషనులో కూర్చోబెట్టాం. చెబుతాడు. మీరన్న మాట నేను ఎక్కడా రాయలేదు. రాయక్కర్లేదు కూడా. మీరు అడిగారు కాబట్టే కదా దొరికింది!”

లెక్కలమ్మ వెళ్ళలేదు.

వరండా చివర బెంచీ మీద ఒక పెద్దావిడ కూర్చుని ఉంది. పిట్ట తల్లి. పొరుగూరినుంచి అప్పుడే బస్సు దిగి వచ్చింది. పక్కన చేతిసంచీ. ఏడవడం లేదు. కోపంగా ఉంది. లెక్కలమ్మ దగ్గరికి రాగానే, ఎవరని కూడా అడగకుండా, మొదలుపెట్టింది.

“చెప్పానమ్మా, చిలక్కి చెప్పినట్టు చెప్పా. ఒకసారి పోయి పరువు తీశావు, మళ్ళీ అడుగు బయట పెట్టకే అని. వింటేనా? మళ్ళీ పారిపోబోయి పడిందంట. వియ్యపురాలు ఫోనులో చెప్పింది. ఇంట్లో పడుంటే ఇంతదాకా వచ్చేదా? ఎందుకెళ్ళాలమ్మా అది? చెప్పు. ఎందుకెళ్ళాలి?”

లెక్కలమ్మ ఆ మాట ఎన్నో ఇళ్ళల్లో అడిగింది. ఎన్నో ఏళ్ళు గడుల్లో ఎక్కించింది.

“వెళ్ళలేదమ్మా,” అంది. “మీ అమ్మాయి ఈసారి ఎక్కడికీ వెళ్ళలేదు.”

 పెద్దావిడ మొహం మీద కోపం ఉండగానే దాని కింద ఇంకేదో కదిలింది. లోపలి గది తలుపు వంక చూసింది. తన రెండు చేతుల వంక చూసుకుంది. ఆ చేతులతోనే కూతుర్ని తీసుకుపోయి ఆ గుమ్మంలో దింపింది. మెల్లగా కుడిచేతిని చీర కుచ్చెళ్ళ మీద తుడవడం మొదలుపెట్టింది. తుడిచిన చోటే మళ్ళీ మళ్ళీ తుడుస్తోంది.

తుడుస్తూనే, “నువ్వెవరు తల్లీ? నీకెలా తెలుసు?” అంది. సంచీ ఇవతలికి లాక్కుని బెంచీ మీద చోటు చేసింది. “కూర్చో. కూర్చుని చెప్పు.”

“లేదమ్మా,” అంది లెక్కలమ్మ. “నిలబడే చెబుతాను.”